కంపెనీ నాణెమా, గుడి బిళ్ళా? పాత రాగి నాణేలను గుర్తుపట్టి గ్రేడు వేసుకోవడం ఎలా

ఫోన్‌లో ఒక ఫొటో వస్తుంది. అరచేతిలో రాగిరంగు బిళ్ళ. ఒకవైపు సీతారామలక్ష్మణులు, కాళ్ళ దగ్గర హనుమంతుడు. రెండోవైపు ఇంగ్లీషు అక్షరాల్లో ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818. ఫొటో కింద ఒకే ప్రశ్న: "అన్నా, గిది ఎంతొస్తది?"

నాణేలు సేకరిస్తానని తెలిసిన ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్న అడుగుతున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా దూరపు చుట్టాల దగ్గర్నుంచి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దాకా. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తే నాకూ మీకూ సుఖం.

ఆ రాముడి బిళ్ళ సంగతి మొదటి మెట్టులోనే తేలిపోతుంది. మీ దగ్గర ఉన్నది నిజంగానే కంపెనీ వాళ్ళ నాణెం అయితే మిగతా మెట్లు మీకోసం.

దగ్గర ఉంచుకోవలసినవి

- 0.01 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా. నగల పని చేసేవాళ్ళ దగ్గర ఉండే రకం. వంటింట్లో పిండి తూచే కాటా ఇందుకు పనికిరాదు.
- 10ఎక్స్ లూప్, అంటే కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దం. పేపరు చదివే పెద్ద అద్దం కాదు.
- వెర్నియర్ కాలిపర్, అంటే నాణెం అడ్డకొలత తీసే పరికరం. ప్లాస్టిక్‌ది చాలు. నాణేనికి గీత కూడా పడదు.
- గట్టి అయస్కాంతం. ఫ్రిజ్ మీద అతికించే బొమ్మలో ఉండేది బలహీనం. పాడైన స్పీకర్లోంచి తీసింది బాగుంటుంది.
- మెత్తటి టవల్ పరిచిన బల్ల, పక్కకు వంచగలిగే టేబుల్ లైటు, నోటు పుస్తకం, పెన్ను.

చేతులు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకోవాలి. బొటనవేలి చెమట రాగి మీద వేలిముద్రగా మిగిలిపోతుంది, మళ్ళీ పోదు.

దగ్గర ఉంచుకోకూడనివి

చింతపండు, నిమ్మచెక్క, బూడిద, టూత్‌పేస్టు, ఇత్తడి సామాన్లు తోమే పౌడరు. ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే నేనే చేశాను.

మొదట్లో నాకు 1845 నాటి అర్ధణా ఒకటి దొరికింది. ముదురు గోధుమ రంగులో, పాత తలుపు చెక్కలా నున్నగా ఉండేది. ఇంటికి తీసుకొచ్చి, అమ్మ రాగిచెంబు తోమే చింతపండు గుజ్జుతో అయిదు నిమిషాలు రుద్దాను. తళతళలాడింది. గులాబీ రంగు తేలింది. పొంగిపోయి మర్నాడు చార్మినార్ దగ్గర నాణేలు అమ్మే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన లూప్ తీసి ఒక్క క్షణం చూశాడు. "కడిగేశారా?" అన్నాడు. అంతే, తిరిగి నా చేతిలో పెట్టేశాడు. ఆ నాణెం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. లూప్‌లో చూస్తే అన్ని దిక్కులా వెంట్రుకవాసి గీతలు కనిపిస్తాయి. రెండువందల ఏళ్ళకు దగ్గరపడ్డ రంగు అయిదు నిమిషాల్లో పోయింది.

## 1. ముందు రాత చదవండి, కథ తర్వాత వినండి

"మా తాతగారికి వాళ్ళ తాత ఇచ్చారు" అనేది నాణెం గురించి ఏమీ చెప్పదు. నాణెం మీద రాసి ఉన్నదే చెబుతుంది.

రాముడు, హనుమంతుడు, లక్ష్మి, ఓంకారం, త్రిశూలం వంటివి ఒకవైపు ఉండి, రెండోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 'వన్ అణా' లేదా 'హాఫ్ అణా', 1616, 1717, 1818, 1839 లాంటి సంవత్సరాలు, కొన్నిటి మీద 'యూకేఎల్' అనే అక్షరాలు ఉంటే అది కంపెనీ నాణెం కాదు. తర్వాతి కాలంలో భక్తుల కోసమో అమాయకుల కోసమో కొట్టిన బిళ్ళ.

ఎలా చెప్పగలం? ఒక్క ఆధారం చాలు. బ్రిటిష్ ఇండియాలో ఒక అణా విలువకు చెలామణీ నాణెం మొదటిసారి వచ్చింది 1907లో, ఏడో ఎడ్వర్డ్ కాలంలో. అదీ రాగి కాదు, అంచు అలలు అలలుగా ఉండే కుప్రోనికెల్, అంటే రాగీ నికెలూ కలిపిన, నాణెం. కంపెనీ పాలన 1858లోనే ముగిసింది. ఇక కంపెనీ పేరుతో 'వన్ అణా' ఎక్కడి నుంచి వస్తుంది? 'యూకేఎల్' అనే రాత కూడా కంపెనీ నాణేల మీద లేదు.

ఇక్కడ చాలామంది తెలిసినవాళ్ళు కూడా ఒక తప్పు మాట అంటారు: "కంపెనీ మన దేవుళ్ళను ఎప్పుడూ నాణేల మీద వేయలేదు" అని. వేసింది. మద్రాసులో కొట్టిన 'మూడు స్వామి' పగోడా అనే బంగారు నాణెం మీద వేంకటేశ్వరస్వామి, ఇద్దరు దేవేరులు ఉంటారు. 1808 నుంచి వచ్చిన వెండి అర పగోడా, పావు పగోడాల మీద ఒకవైపు గోపురం, చుట్టూ చుక్కలు, రెండోవైపు విష్ణుమూర్తి. వాటి మీద తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. కాబట్టి దేవుడు ఉన్నాడు గనక నకిలీ అనకండి. ఇంగ్లీషులో అణా విలువ, రామపట్టాభిషేకం ఒకే బిళ్ళ మీద ఉంటే అప్పుడు అనండి.

మరో సంగతి. రామపట్టాభిషేకం బొమ్మతో, కంపెనీ పేరు లేకుండా, చేత్తో చేసిన పాత బిళ్ళలు కూడా ఉన్నాయి. వీటిని రామటంకాలంటారు. గుళ్ళలో, పూజల్లో వాడేవారు. వీటికి వేరే సేకర్తలు ఉన్నారు. దేవుడి గదిలో ఉన్నది అదే అయితే అక్కడే ఉండనివ్వండి, ఏ నష్టమూ లేదు.

జాగ్రత్త: ఈ బిళ్ళ బియ్యాన్ని లాగుతుంది, పిడుగు పడ్డ రాగి, ఇరీడియం అనే అరుదైన లోహం ఉంది, పరిశోధన సంస్థలు కోట్లు ఇస్తాయి అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. రైస్ పుల్లింగ్ అనేది మన రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ళ తరబడి నడుస్తున్న మోసం. గింజల్లో ఇనుము, కింద అయస్కాంతం, అంతే. రాగి బియ్యాన్ని లాగదు. "టెస్టింగ్ కోసం" అని ముందుగా డబ్బు అడిగిన క్షణమే అది మోసమని తేలిపోయినట్టు. ఫోన్లో రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి పాత నాణేలకు కమిషన్, పన్ను కట్టమనే వాళ్ళ గురించి ఆ బ్యాంకే 2021లో ప్రజలను హెచ్చరించింది.

## 2. తూచండి, కొలవండి

రాత సరిపోయింది. ఇప్పుడు కాటా ఆన్ చేసి, సున్నా చూపించాక, నాణేన్ని మూడుసార్లు తూచండి. మూడు అంకెలూ రాసుకోండి.

1835 తర్వాత కంపెనీ దేశమంతటికీ ఒకే రకం రాగి నాణేలు తెచ్చింది. వాటి అసలు తూకాలు ఇవి:

- అర్ధణా (1835, 1845): 12.95 గ్రాములు
- పావణా, మన పెద్దవాళ్ళ మాటలో కానీ (1835, 1857, 1858): 6.48 గ్రాములు
- అర పైసా (1853): 3.24 గ్రాములు
- పన్నెండో వంతు అణా, అంటే పై (1835, 1848): 2.16 గ్రాములు

వెండి రూపాయి అయితే 11.66 గ్రాములు, అడ్డకొలత 30.5 మిల్లీమీటర్లు.

అరిగిన నాణెం తూకం తగ్గుతుంది. బాగా చేతులు మారిన పావణా 6.2 చూపిస్తే కంగారు పడకండి. కానీ అన్ని గీతలూ స్ఫుటంగా ఉన్న పావణా 5.4 చూపిస్తే అనుమానించండి. అరగకుండా తూకం ఎక్కడికి పోయింది? ఎక్కువ బరువు ఉన్నా అంతే. రాగి అరుగుతుంది గానీ పెరగదు.

ఎక్కువమంది చేసే పొరపాటు: ఫ్యాన్ కింద తూచడం. గాలికి చివరి అంకె ఆడుతూనే ఉంటుంది. ఫ్యాన్ ఆపేయండి, మే నెలైనా సరే.

## 3. అయస్కాంతం, అంచు, నీళ్ళ పరీక్ష

అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఇనుము ఉంది, పైన రాగి పూత. కథ ముగిసింది. అంటుకోకపోయినంత మాత్రాన అసలుదని కాదు. ఇత్తడి, జింకు కూడా అంటుకోవు.

తర్వాత లూప్‌తో అంచు చూడండి. చుట్టూ సన్నటి కుట్టు గీతలా కనిపిస్తే, లేదా దాన్ని ఆకురాయితో అరగదీసిన గీతలు ఉంటే, అది రెండు మూసల మధ్య పోత పోసిన నాణెం. మైదానం మీద, అంటే బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ చోట, సూదిమొన గుంటలు లేదా చిన్న చిన్న బొబ్బలు ఉంటే అదీ పోతకే గుర్తు. అసలు నాణెం అచ్చుల మధ్య మరతో కొట్టింది కాబట్టి అక్షరాల అంచులు నిటారుగా లేస్తాయి. పోత నాణెం అక్షరాలు అరిగిన సబ్బు మీద పేరులా ఉంటాయి.

ఇంకా సందేహం ఉంటే నీళ్ళ పరీక్ష చేయండి. పెద్ద పనేం కాదు:

- కాటా మీద సగం నీళ్ళున్న చిన్న ప్లాస్టిక్ గ్లాసు పెట్టి సున్నా చేయండి.
- నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగునూ గోడలనూ తాకకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా చూపించే అంకె రాసుకోండి.
- నాణెం తూకాన్ని ఆ అంకెతో భాగించండి.

6.48 గ్రాముల పావణాకు కాటా 0.73 చూపిస్తే భాగఫలం 8.9 దగ్గర వస్తుంది. అది రాగి లెక్క. ఇనుము 7.9, జింకు 7.1 దగ్గర వస్తాయి. ఇత్తడి మధ్యలో ఎక్కడో ఉంటుంది, రాగికి దగ్గరగా కూడా వస్తుంది. చిన్న నాణెం మీద కాటాలో 0.01 తేడా వచ్చినా ఫలితం మారిపోతుంది కాబట్టి ఇత్తడిని దీంతో పట్టుకుంటానని పంతం పట్టకండి. దానికి రంగే మేలు. నాణేనికి అంటుకున్న గాలి బుడగలను వేలితో తట్టి పోగొట్టడం మరిచిపోవద్దు. అయ్యాక గుడ్డతో అద్ది ఆరబెట్టండి, రుద్దకండి.

రాతి మీద విసిరి చప్పుడు వినే పద్ధతి కొందరు చెబుతారు. అంచు పగిలితే ఆ చప్పుడును దాచుకోలేరు. వద్దు.

## 4. ఏ ఊరి నాణెం, ఏ రకం?

ఇదే నాకు ఇష్టమైన భాగం. 1835కు ముందు మద్రాసు, బొంబాయి, బెంగాల్ ఎవరి నాణేలు వాళ్ళవి. గుర్తులు ఇలా చూడండి.

త్రాసు బొమ్మ, రెండు పళ్ళేల మధ్య అరబ్బీ అక్షరాలు: బొంబాయిది. ఆ మాట 'అదిల్', న్యాయం అని. పాత వాటి మీద రెండోవైపు హృదయం ఆకారం, దాని మీద 4 అంకెలాంటి గీత, లోపల అక్షరాలు ఉంటాయి. అది కంపెనీ మూటల మీద వేసుకునే వ్యాపార ముద్ర. 1830 నుంచి 1833 వరకు వచ్చిన పావణాల మీద దాని బదులు కంపెనీ రాజచిహ్నం ఉంటుంది.

ఫారసీ రాత, కింద రోమన్ అంకెల్లో 20 లేదా 10, పక్కన 'క్యాష్': మద్రాసుది. 1803, 1808 సంవత్సరాలవి తరచుగా కనిపిస్తాయి. ఇరవై క్యాష్ మీది ఫారసీ రాత 'ఇరవై కాసులు నాలుగు ఫలూసులు' అని చెబుతుంది. ఫలూసు అన్నా రాగి నాణెమే. అన్నిటికన్నా చిన్నది ఒక క్యాష్. దాని మీద కిరీటం పట్టుకున్న సింహం ఉంటుంది. గోరంత ఉంటుంది గనక జాగ్రత్త, సోఫా సందులోకి పోతే మళ్ళీ దొరకదు.

1808 నాణేలకు ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. వాటిని మద్రాసుకు తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరం దగ్గర గుడ్విన్ ఇసుక తిప్పల్లో మునిగింది. 1980లలో గజ ఈతగాళ్ళు వాటిని పైకి తీశారు. అందుకే 1808 నాణేలు రెండు రకాలుగా దొరుకుతాయి: మన దేశంలో చేతులు మారి అరిగినవి, సముద్రంలో ఉప్పు తిని గుంటలు పడ్డా, బొమ్మ మాత్రం అరగనివి. రెండో రకానికి అరుగుదల చూసి పెద్ద గ్రేడు వేయడం తప్పు. 'సముద్రంలో పాడైనది' అని పక్కన రాయాలి.

'48 టు వన్ రుపీ' లేదా '96 టు వన్ రుపీ': ఇవి మనవి. ఉత్తర సర్కారుల కోసం, అంటే అప్పటి కోస్తా జిల్లాల కోసం, 1794, 1797లో కొట్టినవి. బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బోల్టన్ నడిపిన సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద తయారయ్యాయి. తెలుగునాట చెలామణీ అయిన 'డబ్బు' అనే రాగి నాణేనికి బదులుగా వచ్చినవి ఇవి. మనం ఈరోజు పైకానికి డబ్బు అంటున్నది ఆ రాగి నాణెం పేరే. దొరికితే తోమకండి, దయచేసి.

ఆకుల దండ లోపల ఇంగ్లీషులో విలువ, రెండోవైపు రెండు సింహాలు, జెండాలు: 1835 తర్వాతి ఉమ్మడి రకం. హైదరాబాద్ ఫుట్‌పాత్‌ల మీద కనిపించే కంపెనీ నాణేల్లో ఎక్కువ ఇదే. 1835 పావణాను ఆ సంవత్సరం ఒక్కటే కాదు, ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే తేదీతో కొట్టారు. అందుకే అంత సులువుగా దొరుకుతుంది. మామూలు అరిగిన నాణేనికి లక్షలు కాదు, వేలు కూడా రావు. ఈ మాట చెబితే ఫోన్ అవతల నిశ్శబ్దం వినిపిస్తుంది, నాకు అలవాటైపోయింది.

ఇక ఒకే రకంలోని ఉపరకాలు. లూప్ కింద కిందివి చూడండి:

- పావణాల్లో దండ కొసన ఒకే ఆకు ఉందా, రెండు ఉన్నాయా.
- దండలో కాయలు ఎన్ని. అవును, లెక్కపెట్టాలి. ఎడమ కొమ్మ, కుడి కొమ్మ వేరువేరుగా లెక్కపెట్టి రాసుకోండి. అరిగిన కాయను వదిలేసి లెక్కపెడితే లేని కొత్త రకం ఒకటి పుట్టుకొస్తుంది. ఈ పొరపాటు అందరూ చేస్తారు.
- 1840 విక్టోరియా రూపాయి అయితే రాణి పేరు తల మీదుగా ఒకే వరసలో సాగిందా, తలకు రెండు వైపులా విడిపోయిందా.
- రాణి మెడ తెగిన చోట డబ్ల్యూ.డబ్ల్యూ. అనే పొడి అక్షరాలు, అంటే చెక్కిన విలియం వయోన్ పేరు, ఉన్నాయా.
- 1835 రూపాయి మీద నాలుగో విలియం పేరు పక్కన నాలుగు నిలువు గీతలు ఉంటాయి. అది తప్పచ్చు కాదు, అలాగే కొట్టారు. మెడ దగ్గర 'ఎఫ్' లేదా 'ఆర్.ఎస్.' ఉందో లేదో, అక్షరం పైకి లేచి ఉందో లోపలికి దిగి ఉందో రాసుకోండి.
- 1862 విక్టోరియా రూపాయి కంపెనీది కాదు, రాణి పాలనది. అయినా అందరూ అడుగుతారు కాబట్టి: అది 1874 వరకు అదే తేదీతో వచ్చింది. బొంబాయి టంకశాల ఏ ఏడు కొట్టిందో తేదీ దగ్గర చుక్కలతో గుర్తు పెట్టుకుంది. చుక్క కోసం ముందు లైటును బాగా పక్కకు వంచండి.

నాణెం నిట్టనిలువుగా పట్టుకుని, పుస్తకం పేజీలా తిప్పితే రెండోవైపు నిటారుగా ఉందా, తలకిందులుగా ఉందా అనేది కూడా రాసుకోండి. పది సెకన్ల పని, తర్వాత చాలా ఉపయోగపడుతుంది.

హైదరాబాద్ వాళ్ళకు ఒక ప్రత్యేక హెచ్చరిక. పాత ఇళ్ళలో కంపెనీ నాణేలతో పాటు హాలీ సిక్కాలు, అంటే నిజాం సొంత నాణేలు, కలిసే ఉంటాయి. ఉర్దూ, ఫారసీ రాత ఉందని అన్నిటినీ కంపెనీ డబ్బాలో పడేయకండి. చార్మినార్ బొమ్మ ఉంటే అది అసఫ్‌జాహీ, అంటే నిజాం వంశపు, నాణెం, సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. చార్మినార్ ద్వారం మధ్యలో చూడండి: 'మీమ్' అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్. ఆ ఐన్ కూడా పూర్తిగా ఉన్నది ఒక రకం, సగం ఉన్నది ఇంకో రకం. నిజాం రూపాయి తూకం 11.18 గ్రాములు, కంపెనీ రూపాయి కన్నా తక్కువ. వాటి గ్రేడింగ్ గురించి విడిగా రాయాలి, ఇక్కడ కాదు.

## 5. గ్రేడు వేయండి

గ్రేడు అంటే అరుగుదల ఎంత అని చెప్పడమే. అందం కాదు, వయసు కాదు, అరుదుతనం కాదు. ప్రపంచమంతా వాడే కొలమానం 1 నుంచి 70 వరకు ఉంటుంది. మన డీలర్లు అంకెలు తక్కువగా, ఫైన్, వీఎఫ్, ఎక్స్ఎఫ్ అని ఎక్కువగా అంటారు.

1835 పావణాను చేతిలో పట్టుకుని, లైటు ఎడమ పక్క నుంచి పడేట్టు వంచండి. ముందు లూప్ లేకుండా చేయిచాపు దూరంలో చూడండి, ఆ తర్వాతే లూప్. మొదట అరిగేవి పైకి లేచిన చోట్లు: సింహాల జూలు, తొడలు, డాలు మధ్యభాగం, రెండోవైపు ఆకుల మధ్య ఈనెలు.

ఫైన్ కన్నా కింద: సింహాలు నీడల్లా మిగిలాయి. తేదీ వెతుక్కోవాలి. నేర్చుకోవడానికి బాగుంటుంది.

ఫైన్ (12–15): అన్ని అక్షరాలూ, తేదీ చదవొచ్చు. సింహాల ఆకారం ఉంది, జూలు లేదు. ఆకులు చదునుగా ఉన్నాయి.

వెరీ ఫైన్ (20–35): జూలు కొంత కనిపిస్తుంది. చాలా ఆకులకు మధ్య ఈనె ఉంది. డాలు మీది గీతలు స్పష్టం.

ఎక్స్‌ట్రా ఫైన్ (40–45): జూలు, ఈనెలు, జెండా మడతలు దాదాపు అన్నీ ఉన్నాయి. అన్నిటికన్నా ఎత్తైన చోట్ల మాత్రమే రుద్దిన నునుపు.

ఏయూ, అంటే దాదాపు అన్‌సర్క్యులేటెడ్ (50–58): నునుపు ఒకటి రెండు చోట్లే. అక్షరాల మధ్య, చేతివేళ్ళు చేరని సందుల్లో, ఇంకా అసలు మెరుపు.

అన్‌సర్క్యులేటెడ్, అంటే చెలామణీ కానిది (60–70): అరుగుదల లేదు. సంచిలో వేరే నాణేలు తగిలిన దెబ్బలు ఉండొచ్చు.

ఎక్కువమంది పడే గొయ్యి ఏమిటంటే, అచ్చు సరిగా పడకపోవడాన్ని అరుగుదల అనుకోవడం. కంపెనీ నాణేల్లో ఇది మామూలే. తేడా ఎలా తెలుస్తుంది? అరిగిన చోటు చుట్టుపక్కల కన్నా నున్నగా, వేరే రంగులో ఉంటుంది. అచ్చు పడని చోట లోహం మిగతా మైదానంలాగే గరుకుగా ఉంటుంది, పైగా నాణెం తిప్పితే సరిగ్గా దాని వెనక చోటు కూడా బలహీనంగా ఉంటుంది.

ఇంకో గొయ్యి: మనది కాబట్టి ఒక మెట్టు ఎక్కువ వేసుకోవడం. దీనికి మందు తర్వాతి మెట్టులో ఉంది.

గ్రేడు పక్కన లోపాలు విడిగా రాయండి: కడిగినది, చిల్లు పూడ్చినది, అంచు దెబ్బ, గీత, చిలుము. మెడలో తాయెత్తుగా వేసుకోవడానికి చిల్లు చేసినవి మన దగ్గర చాలా ఉంటాయి. ఎంత బాగున్నా చిల్లు నాణేనికి మామూలు గ్రేడు వర్తించదు. రాగికి రంగు కూడా రాస్తారు: పూర్తి ఎరుపు, ఎరుపు గోధుమ, గోధుమ. పెద్ద వయసు నాణెం పూర్తి ఎరుపుగా కనిపిస్తే సంతోషించే ముందు కడిగారేమో చూడండి. అసలు మెరుపు, నాణేన్ని లైటు కింద తిప్పుతుంటే బండి చక్రం ఆకుల్లా తిరుగుతుంది. తోమిన మెరుపు ఉన్నచోటే నిలబడి ఉంటుంది.

## 6. మీ గ్రేడు సరైనదేనా, చూసుకోండి

గ్రేడు ఒక చీటీ మీద రాసి, మడిచి కవర్లో పెట్టేయండి. వారం తర్వాత చీటీ చూడకుండా మళ్ళీ గ్రేడు వేయండి. రెండూ కలిస్తే మంచిది. రెండోసారి తక్కువ వచ్చిందా? రెండోదే నమ్మండి. నాకు ఇప్పటికీ మొదటిసారి ఎక్కువే వస్తుంది.

తర్వాత ఎన్‌జీసీ, పీసీజీఎస్ అనే నాణేలకు గ్రేడు వేసే అమెరికా సంస్థల వాళ్ళు సీల్ చేసి గ్రేడు ఇచ్చిన అదే రకం నాణేల ఫొటోలు ఆన్‌లైన్‌లో పక్కన పెట్టుకుని పోల్చండి. ఒకటి కాదు, కనీసం మీరు వేసిన గ్రేడు కన్నా ఒక మెట్టు పైది, ఒక మెట్టు కిందిది కూడా. వేలంపాటల్లో అమ్మేవాడు రాసిన గ్రేడుతో పోల్చుకోకండి, ఎవరి నాణెం వాళ్ళకు ముద్దు.

ఫొటోలకన్నా కంటితో చూడటం మేలు. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో నాణేల విభాగం ఉంది. అద్దం వెనకైనా సరే, అరగని నాణెం ఎలా ఉంటుందో కంటికి పడితే మీ దగ్గరున్నది ఎంత అరిగిందో అర్థమవుతుంది.

ఇద్దరు డీలర్లకు విడివిడిగా చూపించండి. "అమ్మను, గ్రేడు తెలుసుకోవాలి" అని ముందే చెప్పండి. అమ్ముతారనుకుంటే గ్రేడు కిందికి జారుతుంది, కొంటారనుకుంటే పైకి ఎగురుతుంది.

## 7. దాచుకోవడం, చిలుము, చట్టం

ఆకుపచ్చ పొడిగా రాలుతూ కింద గుంట పడుతుంటే అది పెరిగే చిలుము. దాన్ని ఆపాలి. ముందు స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీయండి. దాంతో జిడ్డు, పాత ప్లాస్టిక్ బంక పోతాయి గానీ, చిలుము దానంతట ఆగదు. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి, అది క్షణంలో అంటుకుంటుంది. గోళ్ళ రంగు తీసే ద్రవం వద్దు, అందులో రంగులూ నూనెలూ కలిపి ఉంటాయి. గట్టి చిలుము అయితే ఆలివ్ నూనెలో కొన్ని వారాలు నాననిచ్చి, వెదురు పుల్లతో మెల్లగా తాకండి. రాకపోతే వదిలేయండి. గట్టిగా, సమంగా, రాలకుండా ఉన్న పచ్చదనం జోలికి పోకండి.

పీవీసీ కవర్లలో పెడితే కొన్నేళ్ళకు ఆకుపచ్చ జిగురు పట్టుకుంటుంది. మైలార్ అనే పీవీసీ లేని ప్లాస్టిక్ కవర్లు వాడండి. పక్కన సిలికా జెల్ పొట్లం పెట్టండి, వానాకాలం ముందు మార్చండి.

వందేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువే. దాన్ని మనంతట మనం విదేశాలకు పంపకూడదు, అమెరికాలో ఉన్న బావగారికి కానుకగా కూడా. పునాదులు తవ్వుతుంటే కుండలో దొరికితే అది వేరే లెక్క: 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలియజేయాలి.

ఇక ఎవరికైనా ఫొటో పంపి అడగాలనుకుంటే నాలుగు ఫొటోలు పంపండి: బొమ్మ వైపు, బొరుసు వైపు, అంచు, స్కేలు పక్కన పెట్టి ఒకటి. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుగు చాలు. కింద తూకం రెండు దశాంశాల వరకు రాయండి. తూకం లేకుండా పంపితే నా నుంచి వచ్చే జవాబు ఒక్కటే: "ఎంత తూగింది?"